గాజులు కొనే ముందు కాస్త తలెత్తి చూడు

చార్మినార్‌కి వెళ్ళొచ్చానంటావు. ఏం చూశావే అంటే గాజుల డబ్బాలు తెచ్చి ముందు పెడతావు! లాడ్‌బజార్ లక్కగాజులను నేనేం కాదనను చెల్లీ, 2024లో వాటికి జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. కానీ అంత దూరం పోయి, బేరాలాడి, తల పైకెత్తకుండా ఇల్లు చేరితే ఎట్లా?

కట్టడాలు చూడటానికి ఈమధ్య మనవాళ్ళు స్పెయిన్ కూడా తిరిగొస్తున్నారు. కోర్డోబాలో 785లో మొదలైన మసీదు 1236లో చర్చి అయింది. ఆ ఎర్ర, తెల్ల చారల కమానుల ఫొటోలు చూసే ఉంటావు. నిజాముల కొలువులోని పైగా వంశపు నవాబు వికార్‌ఉల్‌ఉమ్రా దాని మీద మనసు పడ్డాడు. బేగంపేటలో 1906 నాటి స్పానిష్ మసీదు పుట్టింది అలాగే. ఫలక్‌నుమా ప్యాలెస్ కట్టించిందీ ఆయనే. ఆ వంశం వాళ్ళ సమాధులు పాతబస్తీలోనే, సంతోష్‌నగర్ దగ్గర పిసల్‌బండలో ఉన్నాయి. నా మాట విని పొద్దున్నే అక్కడికి పో. జనం ఉండరు. సున్నపు పనితనం, జాలీ కిటికీలు తీరిగ్గా చూడు. ఎండ పడితే జాలీలోని పూలన్నీ నేలమీద నీడలై పరుచుకుంటాయి. ముగ్గులేసే చేతులం కదా, ఆ మెలికల విలువ మనకు చెప్పక్కర్లేదు.

తర్వాత చౌమహల్లా ప్యాలెస్. దర్బారు హాల్లో 19 బెల్జియం షాండ్లియర్లు వేలాడుతుంటాయి. (వాటిని తుడిచేవాళ్ళను తలుచుకుంటేనే నా భుజాలు లాగుతాయి.)

మక్కా మసీదుకు వెళ్ళేటప్పుడు ఒళ్ళంతా కప్పే బట్టలేసుకో, తలమీద చున్నీ ఉండాలి. కుతుబ్‌షాహీల కాలంలో మొదలైన ఆ రాతికట్టడాన్ని 1694లో ఔరంగజేబు పూర్తి చేయించాడు. ఆవరణలో ఒక పక్కన నిజాముల సమాధులున్నాయి. పావురాలతో ఫొటో దిగి వచ్చేస్తావేమో, అవి కూడా చూసి రా.

ఇక గాజులు. సందుల్లో లక్కను బొగ్గుల సెగమీద మెత్తబరచి, కడ్డీలా సాగదీసి, గుండ్రంగా వంచుతారు. ఆ వేడి మీదే ఒక్కో రాయీ అద్దుతారు. ఎక్కడైనా చేస్తుంటే కాసేపు నిలబడి చూడు, బేరమాడటానికి నోరు రాదు. నేనైతే అసలు ఆడను, నువ్వు మాత్రం మొహమాటపడకు!

కాళ్ళు లాగితే ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. మెట్రోలో ఎంజీబీఎస్ దాకా వచ్చి ఆటో ఎక్కు, కారు తెస్తే పార్కింగ్ దగ్గరే సగం పూట పోతుంది. శుక్రవారం మాత్రం పెట్టుకోకు, చౌమహల్లాకు ఆ రోజే సెలవు.