ట్రాలీ మీద విగ్రహం పెట్టే ముందు ఆర్సీ చూడండి

వినాయక చవితి దగ్గరపడగానే హైదరాబాద్‌లో ధూల్‌పేట నుంచి అమీర్‌పేట, పంజాగుట్ట, ఖైరతాబాద్ గల్లీలకు విగ్రహాలు బయల్దేరతాయి. పెద్ద మండపాలవాళ్లు లారీయో డీసీఎం వ్యానో మాట్లాడుకుంటారు. చిన్న మండపాలకు శివారు ఊళ్ల నుంచి అద్దెకొచ్చే ట్రాక్టరే దిక్కు. ట్రాలీ చాలకపోతే రెండు వైపులా బయటికొచ్చేలా అడ్డంగా చెక్కలు పరుస్తారు, వాటి మీద విగ్రహం, దాన్ని పట్టుకోవడానికి చుట్టూ పది మంది కుర్రాళ్లు. ఆ ట్రాలీని అందరూ ట్రాక్టర్‌కు తగిలించిన తోకలాగే చూస్తారు. చట్టం అలా చూడదు. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2(28) ప్రకారం ట్రైలరు కూడా మోటారు వాహనమే. దానికి వేరే రిజిస్ట్రేషన్, వేరే బరువు పరిమితి, ఒక నిర్దిష్టమైన పని ఉంటాయి. ప్రమాదం జరిగినప్పుడు కోర్టు, బీమా కంపెనీ అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి ఇదే: ఈ ట్రాలీ ఏ పనికి రిజిస్టరైంది, ఆ రోజు ఏ పని చేస్తోంది?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం వ్యవసాయ ట్రాక్టర్ రవాణా వాహనం కాదు, వ్యవసాయ ట్రైలరు ప్రధానంగా పంట సామగ్రి మోయడానికి ఉన్నది. దీని ప్రభావం ఎంత దూరం పోతుందో 2004లో సుప్రీంకోర్టు తేల్చిన ఒక కేసు చూస్తే తెలుస్తుంది. కూరగాయల వ్యాపారి ఒకాయన తన సరుకుతో ట్రాలీలో మార్కెట్‌కు వెళ్తూ చనిపోయాడు. కూరగాయలు పంటే కదా అని కుటుంబం తరఫున వాదించారు. పంటే కావచ్చు, కానీ అమ్మకానికి కొన్న సరుకును వ్యాపారి తరలించడం వ్యవసాయ పని కాదని కోర్టు చెప్పింది. భారం బీమా కంపెనీ మీద పడలేదు. కూరగాయల మూటలకే దక్కని రక్షణ విగ్రహానికి, దాని చుట్టూ నిలబడ్డ కుర్రాళ్లకు దక్కుతుందని ఏ ధైర్యంతో అనుకోవాలి?

సరుకు రవాణా వాహనమైతే కొంత నయం. 1994 సవరణ తర్వాత సరుకు యజమాని లేదా అతని ప్రతినిధి ఆ వాహనంలో ప్రయాణిస్తే తప్పనిసరి బీమా వర్తిస్తుంది. అయితే అతను క్యాబిన్‌లో కూర్చోవాలని సుప్రీంకోర్టు 2007లో అన్నది. ఊరికే ఎక్కినవాళ్లకు మాత్రం బీమా కంపెనీ బాధ్యత లేదని 2002 చివర్లోనే ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పిచ్చింది. అంటే లారీ అయినా సరే, విగ్రహం పక్కన తాడు పట్టుకుని నిలబడ్డవాడి వెనక బీమా ఉందనే భరోసా లేదు. అందరికంటే ఎక్కువ ప్రమాదంలో ఉన్నది వాడే.

దీనికి వచ్చే మొదటి జవాబు: పోలీసుల అనుమతి తీసుకున్నాం కదా. ఊరేగింపు అనుమతి రోడ్డు మీద వెళ్లడానికి. అది ట్రాలీ ఆర్సీని మార్చదు, పాలసీలో లేని రక్షణను చేర్చదు. ఖైరతాబాద్ మహాగణపతి విగ్రహం హుస్సేన్‌సాగర్ దాకా వెళ్లడం లేదా అంటారు. వెళ్తుంది, భారీ బరువులు మోసే ట్రైలరు మీద, ముందే ఖరారైన దారిలో, అధికారుల పర్యవేక్షణలో. సరుకు వాహనం బాడీ దాటి పక్కలకు, ముందుకు, వెనక్కు, లేదా పరిమితి దాటి ఎత్తుకు పొడుచుకొస్తే సెక్షన్ 194(1ఎ) కింద 20 వేల రూపాయల జరిమానా, పైగా దాన్ని సరిచేసేదాకా బండి కదలకూడదు. ఫలానా సరుకు మోయడానికి అధికారి ప్రత్యేకంగా ఉత్తర్వు ఇస్తేనే మినహాయింపు. నడిపినవాడితో పాటు నడిపించినవాడు, నడపనిచ్చినవాడు కూడా ఈ సెక్షన్ కిందికి వస్తారని కమిటీ పెద్దలు గమనించాలి. ఎత్తు సంగతి మామూలు లెక్క కాదు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తీగ తగిలి అయిదుగురు ప్రాణాలు పోయాయి.

రెండో జవాబు కాస్త తెలివైనది: బీమా కంపెనీ ముందు బాధితుడికి చెల్లించి తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోవాలని కోర్టులు చెబుతున్నాయి కదా. నిజమే. 2007లో ఇటుక బట్టీకి మట్టి తోలుతున్న ట్రాలీ కేసులో గాయపడ్డ కూలీకి బీమా బాధ్యత లేదంటూనే, రాజ్యాంగంలోని 142వ అధికరణ వాడి అలాంటి ఆదేశమే ఇచ్చింది సుప్రీంకోర్టు. కానీ అది కోర్టు దయ తలచి ఇచ్చింది, హక్కుగా అడిగే వీలున్నది కాదు. పైగా రాబట్టుకునేది ఎవరి దగ్గర? రోజు కిరాయికి ఆశపడి ట్రాక్టర్ పంపిన రైతు దగ్గర. లక్షల్లో వచ్చే ఆ డిక్రీ అతని పొలం మీదికి వస్తుంది. డీసీఎం కిరాయి ఎక్కువే, చందాలతో నడిచే మండపానికి అది భారమే. అయినా మిగిలే ఆ తేడా డబ్బు ఇంకొకరి పొలాన్ని తాకట్టు పెట్టి మిగిల్చుకున్నదే.

బరువు సంగతి కూడా ఉంది. చెక్కల మీద విగ్రహం పట్టిందా అన్నది అసలు ప్రశ్న కాదు. ఇరుసు, టైర్లు, హుక్కు ఎంత బరువుకు చేసినవన్నదే చూడాలి. మన ట్రాలీకి ఆ అంకె ఆర్సీలోనే ఉంటుంది. ఓనరు రవాణా శాఖ ఎం-వాలెట్ యాప్ తెరిచి ఒక్క నిమిషంలో చూపించగలడు. పాలసీ షెడ్యూలులో ట్రాక్టర్‌తో పాటు ట్రాలీ వివరాలు ఉన్నాయా అని కూడా అడగండి. చూపించనంటే వేరే బండి మాట్లాడుకోండి.

దారిన పోయేవాళ్ల స్థితి వేరు. ట్రాలీ తగిలి గాయపడ్డ పాదచారి థర్డ్ పార్టీ. సెక్షన్ 164 కింద ఎవరి తప్పో రుజువు చేయకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షల రూపాయలు కోరవచ్చు. అంతకంటే ఎక్కువ కావాలంటే సెక్షన్ 166 కింద మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. ప్రమాదం ఎక్కడ జరిగినా మీరు నివసించే ప్రాంతంలోనే వేయవచ్చు. ట్రాక్టర్ నంబరుతో పాటు ట్రాలీ నంబరు కూడా ఫోటో తీసి ఉంచుకోండి, ఎఫ్‌ఐఆర్‌లో రెండూ రాయించండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. ట్రిబ్యునల్‌లో క్లెయిము వేయడానికి చట్టంలో రాసి ఉన్న గడువు ప్రమాదం జరిగిన నాటి నుంచి 6 నెలలు.