మాక్రోల భాండాగారము, సహాయపాఠములు

ఒక పరీక్షకు ముగ్గురు విద్యార్థులు రావలసి యుండెననుకొనుఁడు. ఒకనికి 40 మార్కులు, వేఱొకనికి 60 మార్కులు వచ్చినవి. మూఁడవవాఁడు జ్వరముచే రాలేదు. సగటు ఎంత? రానివానికి సున్న వేసినచో సుమారు 33. వానిని విడిచినచో 50. ఏది తగినదో కూడిక, భాగహారములు చెప్పఁజాలవు. లెక్క వేయువాఁడే నిర్ణయింపవలెను.

'ఆర్' అను దత్తాంశ విశ్లేషణ ప్రోగ్రామును ఈ సగటు అడిగినచో, అది 33 అనదు, 50 అనదు. 'ఎన్.ఏ.', అనఁగా 'లభ్యము కాదు' అని బదులిచ్చును. తెలియని మార్కు చేరిన మొత్తము తెలియదు గదా! లేనివానిని విడిచి లెక్కింపుమని స్పష్టముగా ఆజ్ఞాపించినఁగాని 50 రాదు. ఆ ఆజ్ఞ యెట్లు వ్రాయవలెనో సగటునకు సంబంధించిన సహాయపాఠమునందే కలదు. ఆ పుట చదువనివాఁడు ప్రోగ్రాము చెడినదని భ్రమించి, ఖాళీలలో సున్నలు నింపి, మంచము పట్టిన బాలుని పరీక్ష తప్పినవానిఁగాఁ జేయును.

తఱచుగాఁ జేయు పనికి వలయు ఆజ్ఞలను ఒక పేరు క్రిందఁ గూర్చి యుంచుట విశ్లేషకుల వాడుక. కొన్ని ప్రోగ్రాములలో వీనిని మాక్రోలందురు. ఆర్‌లో ఇట్టి పనిని ఫంక్షనులు చేయును. న్యూజీలాండు దేశమందలి ఆక్లండు విశ్వవిద్యాలయమున రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అను అధ్యాపకులు ఆర్‌ను ఆరంభించిరి. పలు దేశములవారు తమ ఫంక్షనులను దానికిఁ జేర్చుచుండఁగా, వానిని భద్రపఱచుటకు 1997లో వియన్నా నగరమునందు కర్ట్ హోర్నిక్, ఫ్రీడ్రిక్ లైష్ అనువారు 'క్రాన్' అను భాండాగారమును నెలకొల్పిరి. నేఁడందు ఇరువది వేలకు మించిన ప్యాకేజీలు కలవు.

ఇన్నింటిని కలగాపులగము కాకుండ నిలిపినది ఒక కట్టుబాటు: ఫంక్షనును, దాని సహాయపాఠమును ఒకే మూటలో నుండవలెను. ప్రతి పుటలోను పేరు, వివరణ, వాడు విధము, ఈయవలసిన విలువలు, వచ్చు ఫలితము, ఉదాహరణలు వేర్వేఱు శీర్షికల క్రింద నుండును. దగ్గఱి చుట్టములైన వానికి ఒకే పుట చాలును. విస్తృతి, సహవిస్తృతి, సహసంబంధము అను మూఁటిలో దేని పేరఁ బిలిచినను ఒక్క పుటయే తెఱచుకొనును. మూఁడు పుటలు వ్రాసినచో, ఒకటి దిద్ది రెండు మఱచుట మానవ స్వభావము.

ప్యాకేజీని తనిఖీ చేయునపుడు యంత్రము ఉదాహరణలను నిజముగా నడిపి చూచును. పాఠములోని వాడు విధము ఫంక్షనుతో సరిపోవుచున్నదో లేదో పోల్చును. అయినను, వివరణలో 'సగటు' అని వ్రాసి లోపల మధ్యగతమును లెక్కించినచో ఈ తనిఖీ పసిగట్టఁజాలదు. ఆ నిజాయితీ వ్రాసినవానిదే. నా మట్టుకు, ఫంక్షను వ్రాయుటకంటె దాని పుట వ్రాయుటయే కష్టమని తోఁచును.

పాత ప్రతులను పాఱవేయకుండుట మఱియొక సుగుణము. క్రాన్‌లో ప్యాకేజీల పూర్వపు ప్రతులకు వేఱొక అర కలదు. ఆర్‌యొక్క పాత ప్రతులును దొరకును. ఇది వృథా ప్రయాస కాదు. యాదృచ్ఛికముగా కొందఱిని ఎన్నుకొనునపుడు మొదట ఒక బీజసంఖ్య నిచ్చినచో, మరల నదే సంఖ్య నిచ్చినపుడు ఆ పేర్లే రావలెను. కాని పూర్వపు పద్ధతి మిక్కిలి పెద్ద సముదాయములయందు అందఱికి సమానావకాశము నీయదని తేలుటచే, 2019లో వెలువడిన 3.6.0 ప్రతిలో దానిని మార్చిరి. అందుచే పాత బీజసంఖ్యకే క్రొత్త పేర్లు రాఁజొచ్చెను. 2018లో వ్రాసిన పరిశోధనను ఇప్పుడు సరిచూడఁబోయి ఫలితము కలియనివాఁడు, దానిని వ్రాసినవారు మోసగించిరని తలంపవచ్చును. యాదృచ్ఛిక సంఖ్యల సహాయపాఠమును తెఱచినచో, పాత పద్ధతిని మరల నెట్లు పిలువవలెనో అచ్చటనే వ్రాసియున్నది.