‘మరెవరో చూసుకుంటారులే!’

రద్దీ కూడలిలో ఒకరు సొమ్మసిల్లి పడిపోతే పదిమంది మూగుతారు. చేయందించేవారు మాత్రం వెంటనే కనబడరు. దీనికి కారణం కఠిన హృదయం కాదు. చూసేవారు పెరిగినకొద్దీ ‘మరెవరో చూసుకుంటారులే’ అన్న భావన బలపడి, బాధ్యత ఎవరిదీ కాకుండా పోతుంది. మనస్తత్వశాస్త్రంలో దీనిని ప్రేక్షక ప్రభావం అంటారు.

1968లో అమెరికా శాస్త్రవేత్తలు జాన్ డార్లీ, బిబ్ లాటనే ప్రచురించిన ప్రయోగంలో, వేరే గదిలోని వ్యక్తికి మూర్ఛ వచ్చినట్లు విద్యార్థులకు ఇంటర్‌కామ్‌లో వినిపించారు. తామొక్కరమే వింటున్నామనుకున్నవారిలో 85 శాతం మంది మూర్ఛ ముగిసేలోగా సహాయానికి కదిలారు. మరో నలుగురు కూడా వింటున్నారనుకున్నవారిలో 31 శాతమే కదిలారు.

కాబట్టి ఆపదలో గుంపునంతటినీ పిలువక, ఒక్కరిని చూపి అడగాలి: “నీలం చొక్కా అన్నగారూ, 112కు ఫోన్ చేయండి.” స్థానిక భాష రాకున్నా వేలితో చూపితే చాలు, బాధ్యత తనదని ఆ వ్యక్తికి తెలుస్తుంది.

సమూహం ఊరటనూ ఇస్తుంది. సమూహ చికిత్సలో ఒకే విధమైన బాధ గల కొందరు నిపుణుల సమక్షంలో మాట్లాడుకుంటారు. ఈ బాధ తమ ఒక్కరిదే కాదని తెలియడమే మనసుకు బలం. పొరుగున ఎవరైనా దిగులుతో కుమిలిపోతుంటే, మరెవరో చెబుతారనుకోక ఈ నంబరు తెలపండి: టెలి మానస్, 14416. ఏ వేళనైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు.