కాలిటన్ రిజిస్టర్లు – ఒక రైతు వంశాన్ని వెదకడం ఎలా?

చరిత్ర నా సబ్జెక్టు కాదు. నేను బి.యస్సీ. విద్యార్థిని. హైస్కూలుతోనే చరిత్రకు ఒక నమస్కారం పెట్టేశాను. కారణమేమంటే, ఆ పుస్తకాల్లో రాజులుంటారు, సేనాపతులుంటారు, మా ఇంట్లోవాళ్ళ లాంటివాళ్ళు మాత్రం ఎక్కడా కనపడరు. పొలం దున్ని, అప్పు తీర్చి, కన్ను మూసిన మనిషిని గురించి ఎవరు రాసిపెడతారు? అయితే లైబ్రరీలో జనాభా శాస్త్రం పుస్తకం ఒకటి తిరగేస్తుంటే, ఇంగ్లండులో కాలిటన్ అనే చిన్న ఊరి సంగతి తగిలింది. ఆ ఊళ్ళో 1538 నుంచి 1837 దాకా, అంటే మూడువందల ఏళ్ళపాటు, కూలివాళ్ళ పెళ్ళిళ్ళతో సహా లెక్క కట్టారట! ఎలా కట్టారో తెలుసుకున్నాను. అదే ఇక్కడ మిత్రులకు చెప్పదలచుకున్నాను.

కాలిటన్ డెవన్ కౌంటీ తూర్పు కొసన, కోలీ అనే చిన్న ఏటి దగ్గర ఉంది. పశువుల మేత భూములు, కొంత సేద్యం, ఆడవాళ్ళు అల్లే లేసు – పూర్వం ఇవీ ఆ ఊరి బతుకుతెరువులు. అక్కడ ‘పారిష్’ అంటే ఒక చర్చి కిందికి వచ్చే ఊరూ, దాని చుట్టూ ఉన్న పొలాలూ, ఇళ్ళూ. 1538లో ఎనిమిదో హెన్రీ రాజుగారి మంత్రి థామస్ క్రామ్వెల్ ఒక ఉత్తరువు వేశాడు. ప్రతి పారిష్‌లోనూ బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు పుస్తకంలో రాయాలని. ఇదేదో కొత్త పన్నుకు ఎత్తు అని జనం గొణుక్కున్నారు. రైతుకు ఆ అనుమానం ఎక్కడైనా సహజమే కదా! చాలా పారిష్‌లలో మొదటి పుస్తకాలు నశించిపోయాయి. కాలిటన్‌లో మిగిలాయి.

వంశం వెదికేవాడు మొదటే 1538 దగ్గరకు పోకూడదు. తెలిసిన మనిషి దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క మెట్టే వెనక్కి దిగాలి. 1837 జూలై 1 నుంచి ఇంగ్లండులో జనన మరణాలకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉంది. జనన పత్రంలో తల్లి పుట్టింటివారి ఇంటిపేరు కూడా రాస్తారు కాబట్టి రెండు వంశాల దారీ ఒకేచోట దొరుకుతుంది. ఆ పైన జనాభా లెక్కలు. 1851 లెక్కల్లో ప్రతి మనిషీ పుట్టిన పారిష్ పేరు ఉంటుంది. 1841 లెక్కలతోనే చిక్కు. పదిహేనేళ్ళు దాటినవాళ్ళ వయసును అయిదు గుణిజానికి కిందికి దించి రాయమన్నారు. 34 ఏళ్ళవాడు కాగితం మీద 30 అవుతాడు. అది తెలియక లెక్క వేస్తే వాడి బాప్తిస్మం వెదకవలసిన ఏడు నాలుగేళ్ళు తప్పుతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చినవి దశమభాగపు పటాలు. పంటలో పదోవంతు చర్చికి ఇవ్వాలనే పాత ఆచారాన్ని 1836 చట్టం డబ్బు రూపంలోకి మార్చింది. గోధుమ, బార్లీ, ఓట్ల ధరల సగటును బట్టి ఆ మొత్తం కట్టారు. దానికోసం చాలా పారిష్‌లను కొలిచి పటాలు గీశారు. ప్రతి కమతానికీ ఒక నంబరు. ఆ నంబరు పట్టుకొని జాబితాలో చూస్తే భూస్వామి ఎవరు, సాగు చేసేది ఎవరు, పొలం పేరేమిటి, దున్నే నేలా పచ్చికా, ఎన్ని ఎకరాలు అన్నీ ఉంటాయి. మన అడంగల్ చూసినవాడికి ఇదేమీ కొత్తగా అనిపించదు. కౌలుదారు పేరు కూడా ఉండడం మాత్రం నాకు గొప్పగా తోచింది. నూటయాభై ఏళ్ళు దాటిన పటం పట్టుకొని నేరుగా ఆ గట్టు మీదికి వెళ్ళి, మా ముత్తాత దున్నింది ఇదే అని నిలబడవచ్చు.

ఇక చర్చి రిజిస్టర్లు. ఇక్కడ తొందరపడితే మోసపోతాం. 1752కు ముందు అక్కడ సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఒక జంటకు 1700 ఏప్రిల్‌లో పెళ్ళయింది, 1700 జనవరిలో బిడ్డకు బాప్తిస్మం ఇచ్చారు అని చదివి వెటకారం చేయబోతాం. ఆ జనవరి పెళ్ళి తరవాత వచ్చిన జనవరి! పిల్ల తొమ్మిదో నెలకు బుద్ధిగానే పుట్టింది. 1783 నుంచి 1794 దాకా ఒక్కొక్క నమోదుకూ మూడు పెన్నీల పన్ను ఉండేది. బీదవాళ్ళకు మినహాయింపు. అందుచేత కొన్ని పేర్ల పక్కన బీదవాడు అని గుర్తు కనపడుతుంది. ఆ ఏళ్ళలో ఒక్కసారిగా బీదలు పెరిగితే అది కరువు వల్లనో, పన్ను తప్పించుకోవడం వల్లనో చూసుకోవాలి.

అసలు కష్టం మనిషిని గుర్తు పట్టడం. ఊరినిండా జాన్‌లే. 1700లో బాప్తిస్మం పొందిన జాన్, 1727లో పెళ్ళి చేసుకున్న జాన్ ఒకడేనా? ముందు ఖననాల పుస్తకం చూడాలి. చిన్నపిల్లవాడు పోతే తరవాత పుట్టినవాడికి మళ్ళీ అదే పేరు పెట్టడం అక్కడ మామూలు. చనిపోయిన అన్నను బతికించి మన వంశవృక్షంలో వేలాడదీయడం చాలా సులువు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ ఆన్రీ దీనికి ఒక పద్ధతి ఏర్పరచాడు. ఒక్కొక్క పెళ్ళికి ఒక్కొక్క కాగితం. భార్యాభర్తల జనన మరణాలు, పిల్లలు, వాళ్ళ మరణాలు అన్నీ అందులోకి చేరుస్తారు. రుజువు లేనిది ఖాళీగా వదలాలి. మా ప్రాక్టికల్స్ రికార్డులో మేము ఇంత నిజాయితీగా వదిలామని చెప్పలేను!

కేంబ్రిడ్జికి చెందిన ఇ.ఏ. రిగ్లీ ఈ పద్ధతితో కాలిటన్ కుటుంబాలను కూర్చి 1966లో ఫలితాలు ప్రకటించాడు. పాతకాలం కదా, చిన్నతనంలోనే పెళ్ళిళ్ళు అయ్యుంటాయని మనం అనుకుంటాం. 1560–1646 మధ్య ఆడపిల్ల మొదటి పెళ్ళినాటి సగటు వయసు 27 ఏళ్ళు! 1647–1719 మధ్య అది 29.6కు పెరిగింది. 1770–1837 నాటికి 25.1కు తగ్గింది. 1645–46లో మహమ్మారి వచ్చి ఏడాదిలో సుమారు నాలుగువందల మందిని తీసుకుపోయింది. ఆ తరవాతి తరాల్లో పెళ్ళి ఆలస్యమైంది, పిల్లలూ తగ్గారు. బతకడానికి ఆధారం కుదిరేదాకా ఆగారని ఊహించవచ్చు. అయితే అధికార చర్చికి వెళ్ళని వేరే శాఖలవాళ్ళు ఆ ఊళ్ళో చాలామంది. వాళ్ళ పిల్లలు కొందరు రిజిస్టర్‌లోకి ఎక్కలేదనే ఆక్షేపణ పండితుల్లో ఉంది. తరవాత ఇలాటి లెక్కలు 404 పారిష్‌ల నుంచి పోగయ్యాయి. రాసి పంపినవాళ్ళలో ఎక్కువమంది ఆయా ఊళ్ళలోని మామూలు మనుషులు, చరిత్ర మీద ఇష్టం కొద్దీ చేసినవాళ్ళు. 1981లో రిగ్లీ, స్కోఫీల్డ్ కలిసి వాటిని పెద్ద పుస్తకంగా వేశారు.

సగటు బాగానే ఉంది, నాకు మనిషి కావాలి. మనిషి మాట దొరికేది బీదల చట్టం కాగితాల్లో. 1662 చట్టం ప్రకారం, ఏడాదికి పది పౌన్ల లోపు అద్దెకు దిగిన కొత్తవాడు తమకు భారమవుతాడని తోస్తే పారిష్ పెద్దలు నలభై రోజుల్లోగా ఫిర్యాదు చేసి వాణ్ణి సొంత పారిష్‌కు పంపించేయవచ్చు. పెళ్ళికానివాడు ఏడాది పొడుగునా ఒకచోట జీతానికుంటే ఆ పారిష్‌లో హక్కు వచ్చేది. అది రాకుండా కొందరు ఆసాములు 51 వారాలకే మాట్లాడుకునేవారు. పాలేరుకు ఒక్క వారం ఎగ్గొట్టే తెలివి! తగువు వస్తే వాణ్ణి ఇద్దరు మేజిస్ట్రేటుల ముందు నిలబెట్టి ప్రమాణం చేయించేవారు. ఎక్కడ పుట్టావు, ఎవరి దగ్గర పనిచేశావు, జీతమెంత, పెళ్ళెప్పుడు, పిల్లలెందరు అని అడిగేవారు. గుమాస్తా రాసుకునేవాడు. చాలామంది కూలివాళ్ళకు జీవితకథ అంటూ మిగిలింది ఆ ఒక్క కాగితమే.

ఆ కాగితాల అడుగున సంతకం ఉండవలసినచోట తరచు ఒక అడ్డగీతల గుర్తు ఉంటుంది. 1754 నుంచి పెళ్ళి రిజిస్టర్లలో వధూవరులు కూడా అలాగే గుర్తు పెట్టారు. కొన్ని గట్టిగా నొక్కి గీసినవి, కొన్ని వణికినవి. మా నాయనమ్మ పంట రుణం కాగితం మీద వేసిన వేలిముద్ర ఇంకా మా ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉంది. ఈసారి సెలవులకు ఊరెళ్ళినప్పుడు ఆ పెట్టె అడుగుదాకా తీసి, దాని కింద ఇంకా ఏమున్నాయో చూడాలి.