మూలప్రతియు శాఖాప్రతియు

కంప్యూటరును నడపుటకు వ్రాయబడిన ఆజ్ఞల సముదాయమునకు సాఫ్టువేరని పేరు. అందు కొన్నిటి మూలరచనను ఎల్లరును చదువవచ్చును, మార్చుకొనవచ్చును, మరల పంచిపెట్టవచ్చును. అట్టిదాని ప్రతిని గైకొని తమ యవసరములకు తగినట్లు దిద్దుకొన్నచో దానిని ఫోర్కు అందురు. మేము దీనిని శాఖాప్రతి యనుచున్నాము.

నిజాంపట్నపు విద్యార్థులకు ఈ సంగతి కాలువల వలన సులభముగా బోధపడును. 1957లో పూర్తియైన ప్రకాశము బ్యారేజీ యొద్ద కృష్ణ నీరు కాలువలలోనికి మరలి, శాఖలుగా చీలి, సముద్రతీరముననున్న మన ప్రాంతమునకు వచ్చుచున్నది. పిల్లకాలువను మన చేనికి తగినట్లు త్రవ్వుకొనవచ్చును. పూడిక తీయక పెద్దకాలువతో సంబంధము తెగనిచ్చినచో మాత్రము చేను ఎండును. సాఫ్టువేరు వ్రాయువారును మూలప్రతిని, ఏటి యెగువ అను నర్థముగల అప్‌స్ట్రీము అను మాటతోనే పిలుచుచున్నారు.

మన దేశమున దీనికి దృష్టాంతములు కలవు. ఇయాన్ మర్డాక్ 1993లో ప్రారంభించిన డెబియన్‌ను ఆధారము చేసికొని సీ-డాక్ వారు బాస్ లినక్సును, హైదరాబాదులోని స్వేచ్ఛ వారు తెలుగు ఆపరేటింగ్ సిస్టమును నిర్మించిరి. డెబియన్ స్థిరసంస్కరణము ఇంచుమించు రెండేండ్ల కొకటి వెలువడుచుండును; 2021, 2023, 2025లలో అట్లే జరిగెను. ప్రతిసారియు శాఖవారు తమ మార్పులను క్రొత్త మూలముపై నిలుపుకొనవలసియుండును.

నిలుపుకొనకున్న నేమి? 2014 ఏప్రిలు 7వ తేదీన ఓపెన్ ఎస్ఎస్ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అను లోపము ప్రకటితమయ్యెను. దాని వలన సర్వరు జ్ఞాపకములోని సంకేతపదములు సయితము పరులకు చిక్కుటకు వీలుండెను. ఆనాడే సవరణయు వెలువడెను. కాని లోపము ప్రకటితమైన పిమ్మట అది దొంగకును తెలియును గదా! సవరణను తెచ్చుకొనని వారి వాకిలి తెరచియే యుండెను.

ఇక పద్ధతి. లీనస్ తోర్వాల్డ్స్ 2005లో రచించిన గిట్ ఇందుకు సాధనము.

మొదటిది: మూలప్రతి చిరునామాను అప్‌స్ట్రీము పేర చేర్చుకొని, ఒక కొమ్మను మూలమునకు అచ్చముగా సరిపోవునట్లుంచి, స్వంత మార్పులను వేరొక కొమ్మలో నుంచవలయును.

రెండవది: ఫెచ్ చేసి క్రొత్త మార్పులను తెచ్చి, మెర్జ్‌తో కలుపవలయును, లేదా రీబేస్‌తో మన మార్పులను మూలపు తుదిపై తిరిగి పేర్చవలయును. రీబేస్ పూర్వచరిత్రను తిరిగి వ్రాయును గనుక పలువురు వాడు కొమ్మపై దానిని చేయరాదు.

మూడవది: ఒకే పంక్తిని ఇరుపక్షములవారును మార్చినచో గిట్ ఆగిపోవును. అచ్చట యంత్రము తీర్పు చెప్పజాలదు; రెండు మార్పుల యుద్దేశమును ఎరిగిన మనుష్యుడే చెప్పవలయును.

నాల్గవది: పరీక్షింపక దేనిని వాడరాదు. ఎక్స్‌జెడ్ అను సాధనముయొక్క 5.6.0, 5.6.1 సంస్కరణములలో దొంగదారి యున్నట్లు 2024 మార్చిలో బయటపడెను. అవి డెబియన్ స్థిరసంస్కరణమునకు చేరలేదు. మూలమునుండి వచ్చినదైనను పరిశీలించియే గ్రహింపవలయునని దీనివలన తెలియుచున్నది.

కడపటిది ముఖ్యమైనది. ఎల్లరకు పనికివచ్చు మార్పును మూలమునకే సమర్పింపవలయును. కాలువ నీరు ఎగువకు పోజాలదు గాని సాఫ్టువేరు పోగలదు. తెలుగు అనువాదము మూలములో చేరినచో దానిని ప్రతిసారి మోయు భారము మనకు తప్పును. ఇతర శాఖలకును అది అందును.

విద్యార్థులారా, ఏండ్ల తరబడి నిలిచిన పూడికను ఒక్కనాట తీయుట దుస్తరము. నెలనెల కొంచెము కలుపుకొనువానికి పని తేలిక. మన ప్రత్యేకతయు నిలుచును, మూలపు మేలును దక్కును.