కూరగాయలు పులియబెట్టుకుందాం: కొలిచి చేద్దాం, కొద్దిగా తిందాం



మన పల్లెల్లో సంత వారానికి ఒక్కసారే. సంతనాడు తెచ్చుకున్న క్యాబేజీ, క్యారెట్, ముల్లంగి నాలుగో రోజుకు వాడిపోతాయి. ఆ తరువాత రోజుల్లో చాలా ఇళ్లలో అన్నం, చారు, పచ్చడి మాత్రమే మిగులుతాయి. వార్డులో చేరిన అక్కచెల్లెళ్లను "నిన్న ఏం కూర తిన్నారమ్మా?" అని అడిగితే, "కూర లేదండి, పచ్చడి వేసుకున్నాం" అనే జవాబు తరచుగా వింటాం. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. దీనికి కారణాలు అనేకం. వాటిలో కూరగాయలు లేని కంచం ఒకటి.

అందుకే ఈసారి పాఠంగా, తాజా కూరగాయలను ఇంటిలోనే ఉప్పుతో పులియబెట్టి దాచుకునే పద్ధతిని నేర్చుకుందాం. ఖర్చు తక్కువ, పొయ్యి అవసరం లేదు. అయితే దీనిలో ఉప్పు ఉంది, సూక్ష్మజీవులు ఉన్నాయి. కాబట్టి కొలత, శుభ్రత తెలిసి చేయాలి.

పులియడం అంటే ఏమిటి?

ఇది మనకు కొత్త సంగతి కాదు. పాలు పెరుగవుతాయి, ఇడ్లీ పిండి పొంగుతుంది, తరవాణి కుండలో అన్నం పులుస్తుంది. కంటికి కనిపించని మేలుచేసే సూక్ష్మజీవులు ఆహారంలోని చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేస్తాయి. ఆ ఆమ్లమే పులుపు. పాలు పులియడానికి సూక్ష్మజీవులే కారణమని ఫ్రాన్సు దేశపు శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ 1857లో వివరించాడు.

ఈ సూక్ష్మజీవులు కూరగాయల మీద సహజంగానే ఉంటాయి. తరిగిన కూరకు తగినంత ఉప్పు కలిపి, గాలి తగలకుండా ఆ ఊటలోనే ముంచి ఉంచితే, కుళ్లబెట్టే సూక్ష్మజీవులు అణగిపోయి ఇవి పెరుగుతాయి. పులుపు బాగా పెరిగాక, అంటే పీహెచ్ 4.6 కంటే దిగాక, బోట్యులిజం అనే జబ్బు తెచ్చే ప్రాణాంతక విషాన్ని పుట్టించే సూక్ష్మజీవి పెరగలేదు. పులుపే ఆ సీసాకు కాపలాదారు.

జర్మనీలో క్యాబేజీని, కొరియాలో క్యాబేజీ, ముల్లంగిని ఇలాగే ఊరబెడతారు. ఉత్తర భారతంలో చలికాలంలో క్యారెట్‌తో పుల్లని కాంజీ చేస్తారు. 1768లో ఓడ ప్రయాణానికి బయలుదేరిన కెప్టెన్ కుక్, నావికులకు చిగుళ్ల నుండి రక్తం కారే స్కర్వీ జబ్బు రాకుండా పులియబెట్టిన క్యాబేజీని వెంట తీసుకువెళ్లాడు. స్కర్వీ సి విటమిన్ లోపం వలన వచ్చే జబ్బు.

మన ఆవకాయ ఇదే కదా అని అడగవచ్చు. కాదు. ఆవకాయ నిలవ ఉండేది ముఖ్యంగా ఎక్కువ ఉప్పు, కారం, నూనెల వలన. వెనిగర్‌లో వేసిన కూరగాయల పులుపు కూడా బయటి నుండి పోసిందే. పులియబెట్టిన కూరలో ఉప్పు వీటిలో ఆవకాయ కంటే చాలా తక్కువ. దాని పులుపు దానిలోనే పుడుతుంది.

దీని వలన మేలు ఏమిటి?

1. వండము కాబట్టి సి విటమిన్ చాలావరకు నిలుస్తుంది. అయితే నిలవ ఉంచేకొద్దీ తగ్గుతుంది.

2. సి విటమిన్, లాక్టిక్ ఆమ్లం కలిసి తోటకూర, పప్పు, రాగులలోని ఇనుము ఒంటికి పట్టడానికి తోడ్పడతాయి. కాబట్టి ఆకుకూర పప్పుతో, రాగి సంకటితో తినడం మంచిది.

3. పీచు పదార్థం అలాగే ఉంటుంది.

4. నోటికి రుచిగా ఉండి, కూర లేని పూట కంచంలో కొంత కూరగాయ చేరుతుంది.

ఇది మందు కాదు. రక్తహీనతకు ఇచ్చిన ఐరన్ మాత్రలు మానకూడదు. బీపీ, షుగర్ మాత్రలకు ఇది బదులు కాదు. శాకాహారులకు అవసరమైన బి12 విటమిన్ కోసం కూడా దీనిమీద ఆధారపడకూడదు. తాజా కూర దొరికిన రోజున తాజా కూరే తినాలి.

ఉప్పు కొలత: ఈ పాఠంలో ముఖ్యమైన మాట

అరకిలో కూర తరుగుకు 10 నుండి 12 గ్రాముల ఉప్పు కావాలి. అంటే గీసి తీసిన రెండు టీ స్పూన్ల పొడి ఉప్పు. కళ్లుప్పును అలాగే కొలిస్తే లెక్క తప్పుతుంది, దంచి కొలవండి.

ఇంట్లో బీపీ ఉన్నవారు ఉన్నారని కొందరు సీసాలో వేసే ఉప్పునే తగ్గిస్తారు. ఇది ప్రమాదం. ఉప్పు చాలకపోతే కూర పులియక కుళ్లుతుంది. సీసాలో ఉప్పు తగ్గించకూడదు. కంచంలో మోతాదు తగ్గించాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు రోజంతా కలిపి 5 గ్రాముల కంటే తక్కువ ఉప్పు చాలంటుంది. పై కొలతతో చేసిన కూర 50 గ్రాములు, అంటే ఒక చిన్న గుప్పెడు తింటే సుమారు 1 గ్రాము ఉప్పు లోపలికి పోతుంది. రోజు మొత్తానికి అనుమతించిన దానిలో అది ఐదో వంతు. కాబట్టి రోజుకు రెండు మూడు టేబుల్ స్పూన్లు చాలు. ఇది తిన్న పూట ఆవకాయ, అప్పడం, వడియాలు మానండి.

తయారుచేసే విధానం

కావలసినవి: క్యాబేజీ 400 గ్రాములు, క్యారెట్ 100 గ్రాములు, పొడి ఉప్పు రెండు టీ స్పూన్లు, అల్లం చిన్న ముక్క, జీలకర్ర కొద్దిగా, వెడల్పు మూతి గల గాజు సీసా లేక పింగాణీ జాడీ. అల్యూమినియం, రాగి, ఇత్తడి పాత్రలు వాడవద్దు. ఉప్పు, పులుపు కలిసి వాటిని తినివేస్తాయి.

1. చేతులు సబ్బుతో కడుక్కోండి. సీసాను, చెంచాను వేడినీటితో కడిగి ఆరబెట్టండి.

2. క్యాబేజీ పై ఆకులలో ఒక మంచి ఆకును పక్కన ఉంచండి. కుళ్లిన భాగాలు తీసివేసి, కూరగాయలను పారే నీటిలో కడగండి. క్యాబేజీని సన్నగా తరగండి, క్యారెట్‌ను తురమండి.

3. ఉప్పు చల్లి, శుభ్రమైన చేతితో పది నిమిషాలు గట్టిగా పిసకండి. అరగంట మూతపెట్టి ఉంచితే ఊట దిగుతుంది. అల్లం, జీలకర్ర కలపండి.

4. సీసాలో కొద్దికొద్దిగా వేస్తూ అదిమి నింపండి. పైన రెండు అంగుళాల ఖాళీ వదలండి. ఊట కూరపైకి రావాలి. చాలకపోతే, ఒక గ్లాసు (200 మి.లీ.) కాచి చల్లార్చిన నీటిలో గీసిన టీ స్పూను ఉప్పు కరిగించి, కావలసినంత పోయండి.

5. దాచిన ఆకును పైన కప్పి, చిన్న గాజు గిన్నెను బరువుగా పెట్టండి. కూర ఎక్కడా ఊట పైకి తేలకూడదు. తేలిన ముక్కకే బూజు పడుతుంది.

6. మూతను వదులుగా పెట్టి, కింద పళ్లెం ఉంచి, ఎండ తగలని చోట పెట్టండి. బుడగలు వస్తాయి, ఊట పొంగవచ్చు. అది మంచి గుర్తే. రోజుకు ఒకసారి చూసి, తేలినదాన్ని శుభ్రమైన చెంచాతో అదమండి.

7. చలికాలంలో నాలుగైదు రోజులకు, ఎండాకాలంలో రెండు మూడు రోజులకు పులుపు వస్తుంది. అప్పుడు మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టి, నెల లోపల వాడుకోండి. ఫ్రిజ్ లేనివారు పావుకిలో మాత్రమే చేసుకుని, పులిసిన నాలుగైదు రోజులలో ముగించండి. ఆ పావుకిలోకు ఒక టీ స్పూను ఉప్పు.

పులిసేటప్పుడు నూనె పోయవద్దు. ఇష్టమైతే తినే ముందు ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు వేసి, చల్లార్చి కలుపుకోవచ్చు. కూరను మాత్రం ఉడికించవద్దు. సి విటమిన్ తగ్గుతుంది, మేలుచేసే సూక్ష్మజీవులు చనిపోతాయి.

బాగుందో, చెడిందో ఎలా తెలుస్తుంది?

మంచిది: పుల్లని శుభ్రమైన వాసన, మసక బారిన ఊట, కరకరలాడే ముక్క.

తీసివేసి వాడదగినది: ఊటపై పలుచని తెల్లని పొర మాత్రమే ఉండి, వాసన బాగుంటే పొర తీసివేయండి.

పారవేయవలసినది: ఆకుపచ్చ, నలుపు, గులాబీ రంగు బూజు, నూగులాంటి బూజు, కుళ్లు వాసన, జిగట. పైది తీసి కింది భాగం వాడవద్దు. "కొంచెం రుచి చూస్తే తెలుస్తుంది కదా" అని నోట్లో వేసుకోవద్దు. అరకిలో క్యాబేజీ పోతే పోయింది, ప్రాణం మీదికి తెచ్చుకోకండి.

ఎవరు తినకూడదు?

గుండె బలహీనత వలన కాళ్ల వాపు, ఆయాసం ఉన్నవారు, కిడ్నీ జబ్బు ఉన్నవారు, డాక్టరు ఉప్పు మానమన్నవారు దీనిని తినవద్దు. బీపీ ఉన్నవారు డాక్టరును అడిగిన తరువాతే ఒక చెంచా.

క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారు డాక్టరు అనుమతి లేకుండా తినరాదు. దీనిలో బ్రతికిఉన్న సూక్ష్మజీవులు ఉంటాయి.

క్షయకు మందులు, ముఖ్యంగా ఐసోనియాజిడ్ లేక లినెజోలిడ్ వాడుతున్నవారు తప్పక అడగాలి. పులిసిన ఆహారంలోని కొన్ని పదార్థాలు ఈ మందులతో కలిసి తలనొప్పి, గుండెదడ, బీపీ పెరగడం వంటివి కలిగించవచ్చు. ఆహారం మానాలి గాని మందు మానకూడదు.

ఏడాది నిండని పిల్లలకు పెట్టవద్దు. గర్భిణీలు చెకప్‌కు వచ్చినప్పుడు అడగండి.

తల్లులు అడిగే ప్రశ్నలు

అయోడిన్ ఉప్పు వాడితే పులుస్తుందా? పులుస్తుంది. ఇంట్లో రోజువారీ వంటకు అయోడిన్ ఉప్పు మానవద్దు.

కడుపు ఉబ్బరంగా ఉంటే? మొదటి వారం ఒక చెంచాతో మొదలుపెట్టండి. మంట, విరేచనాలు వస్తే మానండి.

విరేచనాలకు ఈ ఊట తాగించవచ్చా? వద్దు. విరేచనాలకు ఓఆర్ఎస్ ఇవ్వాలి.

మిగిలిన ఊటను ఏం చేయాలి? బాగున్న ఊటను ఒక చెంచా కొత్త సీసాలో వేస్తే త్వరగా పులుస్తుంది. ఉప్పు ఉంటుంది కాబట్టి గ్లాసులతో తాగవద్దు.

గుర్తుంచుకోండి

అరకిలోకు రెండు చెంచాల ఉప్పు. కూర ఎప్పుడూ ఊట కిందే. రంగు బూజు కనిపిస్తే మొత్తం పారవేయాలి. కంచంలో రెండు మూడు చెంచాలే. జబ్బు ఉన్నవారు ముందు అడగాలి.

ఈ వారం సంతకు వెళ్లినప్పుడు ఒక చిన్న క్యాబేజీ ఎక్కువగా తెచ్చి చేసి చూడండి. సీసాపై చేసిన తేదీ రాసి అంటించండి. సందేహం ఉంటే, ఓపీకి వచ్చిన రోజున మీ మందుల చీటీతో సహా నర్సులను అడగండి. తినవచ్చో లేదో ఆ చీటీ చూసే చెప్పగలం.