తరగతిలో పిల్లల మాటలు

తరగతి గదినుండి పిల్లల మాటలు వినబడినంతనే పాఠము సాగుటలేదని తలచు తల్లిదండ్రులు పలువురు కలరు. తెలిసిన పిల్లవాడు తెలియనివానికి చెప్పుచు కూర్చున్నచో వాని చదువే వెనుకబడునని మఱికొందఱి శంక. ఇది త్రోసివేయదగిన శంక కాదు. కావున మా పాఠశాలలో పిల్లలను నలుగురేసిగా కూర్చుండబెట్టి ఏల మాటలాడించుచున్నామో విన్నవింతుము.

ఈ పద్ధతి మన బళ్లారి సీమకు క్రొత్త కాదు. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో దేశీయ పాఠశాలల వివరములు పంపుడని కలెక్టర్లను ఆదేశించెను. బళ్లారి కలెక్టరు ఎ. డి. కాంబెల్ 1823లో నివేదిక పంపెను. 1816లో తెలుగు వ్యాకరణమును ప్రకటించిన కాంబెలే ఈయన. ఆనాటి జిల్లాలో 533 పాఠశాలలుండగా, కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. ముందున్న పిల్లలు వెనుకనున్నవారికి చెప్పుచు, అందువలన తమ చదువును గట్టిచేసికొనుచున్నారని ఆయన మెచ్చుకొనెను. అయితే పిల్లలు అర్థము తెలియకయే పద్యములు వల్లించుచున్నారనియు వ్రాసెను. ఆ లోపము నేటికిని పోలేదు. ఒకడు చెప్పగా మువ్వురు వల్లించుట జట్టుచదువు కాదు; ప్రశ్న అడుగువాడు ఉండవలెను.

అరకు మూడవవంతు కూడుమనిన, పిల్లలు పెక్కురు పై అంకెలను, క్రింది అంకెలను వేఱువేఱుగ కూడి 2/5 అందురు. ఉపాధ్యాయుడు దానిని కొట్టివేసి 5/6 అని వ్రాసినచో ఎత్తి వ్రాసికొందురు. జట్టులోనైతే ఒక బాలిక, "అరకంటె 2/5 తక్కువ కదా! కలిపితే తగ్గుతుందేమిరా?" అని అడుగును. అంతట లెక్క వచ్చినవాడు జొన్నరొట్టె బొమ్మ గీసి, ఆరు భాగములు చేసి, మూడును రెండును చూపవలసివచ్చును. ఆరే ఏల చేయవలెనో వానికిని అప్పుడే బోధపడును.

జట్టులో జవాబు చెప్పరాదు, దారి చెప్పవలెనని మా నియమము. తుదకు తక్కువ మాటలాడు పిల్లవానినే లేపి జట్టు తరఫున చెప్పింతుము. వానిని సిద్ధపఱచు పూచీ తక్కిన మువ్వురిది. ఎక్కములు, దస్తూరి ఎవరికి వారు చేయవలసినవే. కొంత గోల తప్పదు. ప్రక్క తరగతివారి ఫిర్యాదులును మాకు అలవాటే.

మన పిల్లలకు ఇందు మఱొక అవసరము కలదు. వీధిలో కన్నడము, ఇంట తెలుగు. రెండును వారికి కావలసినవే. కాని ఇంటి తెలుగు అన్నము, బట్టలు, చుట్టములతో ముగియును. లవము, హారము, ఆవిరి, పీడనము అను మాటలు పిల్లల నోట ఆడుటకు తరగతి యొక్కటే చోటు. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో లభించు వసతులకై 1956లో రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేర్చబడినది. అట్టి వసతి గల గదిలో కూడ మాటలాడువాడు ఉపాధ్యాయుడొక్కడే యైనచో, తెలుగు పిల్లవానికి వినికిడి భాషగానే మిగులును.

సాయంకాలము మార్కులు అడుగుటకు ముందు, "ఈ రోజు ఎవరిని ఏమి అడిగినావు? ఎవరికి ఏమి చెప్పినావు?" అని అడుగుడు. నడుమ కన్నడపు మాట దొర్లినచో నవ్వక, చెప్పుట ముగిసిన పిమ్మట తెలుగుమాట అందింపుడు. వీలైన దినమున వచ్చి వెనుక బల్లమీద కూర్చుండి చూడవచ్చును. మీ పిల్లవానికి జవాబు అందింపకుండిన చాలును.